హెచ్చరిక వాక్యాలను ఎలా చదవాలి

"ఒకసారి వెలిగింపబడి, పరలోకసంబంధమైన వరమును రుచిచూచి" ఆ తరువాత తప్పిపోయినవారిని మారుమనస్సు పొందేలా మళ్లీ నూతనపరచడం అసాధ్యమని హెబ్రీ పత్రిక ఆరో అధ్యాయం చెబుతుంది. తన గొర్రెలు ఎన్నటికీ నశించవనీ, వాటిని తన చేతిలోనుంచి ఎవరూ అపహరించలేరనీ యోహాను సువార్త పదో అధ్యాయంలో యేసు చెబుతాడు. చాలామంది విశ్వాసులు ఈ రెంటిలో ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని పక్కన పెట్టేస్తారు. దేన్ని పట్టుకున్నారన్నది చాలాసార్లు వాళ్ల సిద్ధాంతం కన్నా వాళ్ల స్వభావాన్ని బట్టే ఉంటుంది. మనసు మెత్తనివాళ్లు హెచ్చరికను పట్టుకుని రాత్రుళ్లు నిద్ర పోగొట్టుకుంటారు. మనసు మొద్దుబారినవాళ్లు వాగ్దానాన్ని పట్టుకుని మరింత గాఢంగా నిద్రపోతారు. హెచ్చరిక రాసినది రెండోవాళ్లను లేపడానికి. దాని దెబ్బ మాత్రం మొదటివాళ్లకే తగులుతుంది. నన్ను ఎంతో బాధపెట్టే విషయం ఇది.

నేను ఆస్పత్రిలో నర్సుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. ఉద్యోగంలో ఉన్న రోజుల నుంచీ సంఘంలో స్త్రీల బైబిలు అధ్యయనం నడిపిస్తున్నాను. "నా రక్షణ పోయిందా?" అన్న ప్రశ్న వార్డులో మంచాల పక్కనా విన్నాను, అధ్యయనం ముగిశాక కుర్చీలు సర్దుతున్నప్పుడూ విన్నాను. ఈ వాక్యాలను చదవడానికి అక్కడ అలవాటైన పద్ధతినే రాస్తున్నాను. గ్రీకు రానక్కరలేదు. బైబిలు, పెన్సిలు, ఒక నోటుపుస్తకం, తొందరలేని సమయం ఉంటే చాలు.

పత్రిక మొత్తం, గొంతెత్తి

మిమ్మల్ని భయపెట్టిన వచనం దగ్గర మొదలుపెట్టకండి. ఆ పత్రిక మొదటి అధ్యాయం నుంచి చివరిదాకా ఒకే కూర్చోవడంలో పైకి చదవండి. హెబ్రీ పత్రికకు సుమారు ఒక గంట పడుతుంది. అది సంఘంలో అందరూ వింటుండగా చదవడానికి రాసిన మాట. రచయిత తానే దాన్ని హెచ్చరిక మాట అని చివరి అధ్యాయంలో పిలుస్తాడు. అలా చదివినప్పుడు హెచ్చరిక ఒక్క ఆరో అధ్యాయంలోనే లేదని తెలుస్తుంది. రెండో అధ్యాయం మొదట్లో ఒకటి, మూడు నాలుగు అధ్యాయాల్లో ఒకటి, ఆరులో ఒకటి, పదిలో ఒకటి, పన్నెండులో ఒకటి ఉన్నాయి. అయిదింటి వెనుకా ఉన్నది ఒకే ఆందోళన.

ఆ ఆందోళన ఏమిటో పదో అధ్యాయం 32వ వచనం నుంచి చూడండి. వీళ్లు ఒకప్పుడు క్రీస్తు కోసం నలుగురిలో అవమానం పడ్డవాళ్లు. చెరసాలలో ఉన్నవారిని ఆదుకున్నవాళ్లు. ఆస్తులు దోచుకుపోతుంటే సంతోషంగా సహించినవాళ్లు. ఇప్పుడు అలసిపోయారు. కొందరు సమాజంగా కూడుకోవడం మానేశారు. శ్రమలేని పాత జీవితానికి మెల్లగా జారుకోవాలన్న శోధన వారి ముందు ఉంది. అంటే ఆ హెచ్చరిక ఒక చెడ్డ ఆలోచన వచ్చిందని వణికిపోతున్న మనిషికి రాసినది కాదు. క్రీస్తును తెలిసీ వదిలేసి, ఇక ఆయనతో పనిలేదని వెళ్లిపోయే దారిలో అడుగు పెట్టబోతున్న గుంపుకు రాసినది.

ఇప్పుడు నోటుపుస్తకం తీసి పేజీ మధ్యలో ఒక నిలువు గీత గీయండి. ఎడమవైపు హెచ్చరిక రాయండి. దాని తరువాత పది వచనాల లోపు రచయిత ఏమన్నాడో కుడివైపు రాయండి. హెబ్రీ 6:4-8 ఎడమవైపు రాస్తే కుడివైపు 6:9 వస్తుంది: మేము ఇలా చెబుతున్నా, మీరు ఇంతకంటే మంచిదీ రక్షణకరమైనదీ అయిన స్థితిలోనే ఉన్నారని రూఢిగా నమ్ముతున్నాం. పదో అధ్యాయంలో జీవముగల దేవుని చేతిలో పడడం భయంకరమన్న వచనం తరువాత, మనం నశించడానికి వెనుతీసేవాళ్లం కాము అన్న వచనం వస్తుంది. మొదటి కొరింథీయులు 10:12లో నిలిచి ఉన్నానని తలంచుకునేవాడు పడకుండా చూసుకోవాలి. 10:13లో దేవుడు నమ్మదగినవాడు, తప్పించుకునే మార్గాన్ని కలగజేస్తాడు. ఫిలిప్పీయులు 2:12లో భయంతో వణకుతో మీ రక్షణను కొనసాగించుకోండి. 2:13లో మీలో కార్యసిద్ధి కలగజేసేవాడు దేవుడే. ప్రకటన 3లో లవొదికయ సంఘాన్ని ఉమ్మివేస్తానన్న ప్రభువే మూడు వచనాల తరువాత, నేను ప్రేమించేవారినే గద్దిస్తాను అంటాడు.

ఈ పేజీ నిండేవరకు తొందరపడి ఏ తీర్మానానికీ రావద్దు. మా అధ్యయనంలో కొత్తగా చేరినవారి చేత ముందు ఈ పనే చేయిస్తాను. ఎడమవైపున్న మాట కుడివైపున్న మాటను కొట్టివేయదు. కుడివైపున్న మాటను చూపించి ఎడమవైపున్నదాన్ని తేలిక చేయడమూ కుదరదు. రెండూ ఒకే చేతితో, ఒకే మనుషులకు రాసినవి.

ఓడలోని మాట

వాగ్దానం ఖాయమైతే హెచ్చరిక దేనికి? హెచ్చరిక నిజమైతే వాగ్దానం ఖాయమెలా అవుతుంది? ఈ చిక్కు ముందు నేను వివరణలతో మొదలుపెట్టను. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం తెరిపిస్తాను.

పౌలు ఖైదీగా రోముకు వెళుతున్నాడు. ఓడలో ఉన్నవారు 276 మంది. తుఫాను రోజుల తరబడి కొట్టింది, సూర్యుడు గాని నక్షత్రాలు గాని కనబడలేదు, బతుకుతామన్న ఆశ పోయింది. అప్పుడు పౌలు లేచి, ఓడకే నష్టం గాని మీలో ఎవరి ప్రాణానికీ హాని కలగదని చెబుతాడు. దేవదూత తనతో అలా చెప్పాడనీ, చెప్పినట్టే జరుగుతుందని దేవుణ్ణి నమ్ముతున్నాననీ అంటాడు. ఇది షరతు లేని వాగ్దానం. 22-25 వచనాల్లో ఉంది, చూడండి.

పద్నాలుగో రాత్రి నావికులు లంగర్లు వేస్తున్నట్టు నటిస్తూ పడవ దించుకుని పారిపోబోతారు. పౌలు వెంటనే శతాధిపతితో, వీళ్లు ఓడలో ఉంటేనే గాని మీరు తప్పించుకోలేరు అంటాడు. కొద్ది వచనాల ముందు ఎవరికీ హాని కలగదన్న మనిషే ఈ మాట అన్నాడు. పౌలుకు వాగ్దానం మీద నమ్మకం సడలిందా? లేదు. ఆ హెచ్చరిక ఉత్త బెదిరింపా? అదీ కాదు. నావికులు వెళ్లిపోయి ఉంటే ఆ ఓడను నడిపేవాళ్లే ఉండరు. సైనికులు హెచ్చరిక విన్నారు, పడవ తాళ్లు కోసి దాన్ని సముద్రంలోకి వదిలేశారు. అధ్యాయం చివరి వచనంలో అందరూ క్షేమంగా గట్టుకు చేరారు. దేవుడు ఇచ్చిన మాట నెరవేరింది. నెరవేరిన దారిలో ఆ హెచ్చరిక ఉంది, దాన్ని విన్న చెవులు ఉన్నాయి, తాళ్లు కోసిన కత్తి ఉంది.

నేను హెచ్చరిక వాక్యాలన్నిటినీ ఇలాగే చదువుతాను. దేవుడు తన ప్రజలను అంతం వరకు కాపాడుతాడు. కాపాడేందుకు ఆయన వాడే సాధనాల్లో హెచ్చరిక ఒకటి. ఈ ఆలోచన నాది కాదు. 1618-19లో నెదర్లాండ్స్‌లోని డోర్ట్‌లో జరిగిన ప్రొటెస్టెంటు సంఘాల మహాసభ తన తీర్మానాల అయిదో అధ్యాయంలో దీన్ని సూటిగానే చెప్పింది. సువార్త ప్రకటన ద్వారా మనలో మొదలుపెట్టిన కృపాకార్యాన్ని దేవుడు వాక్యంలోని ప్రబోధాలు, బెదిరింపులు, వాగ్దానాల ద్వారానే కొనసాగిస్తాడని అక్కడ ఉంది.

దీన్నిబట్టి చదివే పద్ధతి మారాలి. హెచ్చరిక ముందుకు చూస్తుంది. ఆ దారిన వెళ్లవద్దు, అటు నాశనం ఉంది, ఇటు రా అంటుంది. భయపడే విశ్వాసి దాన్ని వెనక్కి తిప్పి, తన గతానికి చెప్పిన తీర్పుగా చదువుతాడు. మందు మానేస్తే ప్రాణానికి ప్రమాదమని డాక్టరు రోగితో గట్టిగా చెప్పేది ఆ రోగి బతకాలనే. ఆ మాట విని, నేను చనిపోయానని డాక్టరు చెప్పాడు అనుకునే రోగి ఉండడు. వాక్యం దగ్గర మాత్రం మనం అలాగే అనుకుంటాం. అందుకే ప్రతి హెచ్చరిక పక్కనా పెన్సిలుతో ఒక ప్రశ్న రాసుకోండి: ఇది ఈరోజు నన్ను ఏమి చేయమంటోంది? జవాబు దాదాపు ప్రతిచోటా ఆ భాగంలోనే దొరుకుతుంది. హెబ్రీ 3:13లో అయితే ప్రతిదినం ఒకరికొకరు బుద్ధి చెప్పుకోవడం. 10:25లో కూడుకోవడం మానకపోవడం.

ఉపమానాన్ని దేనికోసం చెప్పారో దానికే వాడండి

ఎక్కువ గాయాలు అయ్యేది ఉపమానాలు, పోలికల దగ్గరే. ఒక పోలికలోని ప్రతి ముక్కకూ ఒక సిద్ధాంతం పిండాలని చూస్తే బైబిలు మనతో వాదించడం మొదలుపెడుతుంది.

యోహాను 15లోని ద్రాక్షావల్లిని తీసుకోండి. ఫలించని తీగెను తీసి పారేస్తారు, ఎండిపోతుంది, పోగుచేసి అగ్నిలో వేస్తారు. ముందు ఈ మాట ఎప్పుడు చెప్పాడో చూడండి. పదమూడో అధ్యాయంలో ఇస్కరియోతు యూదా లేచి రాత్రిలోకి వెళ్లిపోయాడు. మీరు పవిత్రులు, అయినా అందరూ కాదు అని యేసు అంతకుముందే అన్నాడు. పదిహేనులో మిగిలినవారితో, మీరిప్పుడు పవిత్రులై ఉన్నారు అంటున్నాడు. కాబట్టి తీసివేయబడిన తీగె అంటే ఎవరా అని శిష్యులు గాలిలో వెతుక్కోనక్కరలేదు. వారి మధ్య ఒక చోటు ఖాళీగా ఉంది. యేసుకు దగ్గరగా తిరిగి, ఆయనతో భోజనం చేసి, ఆయనలో నిలవనివాడు ఒకడున్నాడు.

ఆ తరువాత ఈ పోలిక పాత నిబంధనలో ఎక్కడ ఉందో వెతకండి. యెషయా 5, కీర్తన 80, యెహెజ్కేలు 15. మూడోది చిన్న అధ్యాయం, కానీ అగ్ని సంగతి అక్కడే తేలుతుంది. ద్రాక్ష కర్ర ఏ పనికి వస్తుంది, ఉపకరణం తగిలించే మేకుకైనా వస్తుందా అని దేవుడు అడుగుతాడు. వేరే చెట్టు కాయకపోయినా దూలానికో పలకకో పనికొస్తుంది. ద్రాక్షకు ఫలం తప్ప మరో ప్రయోజనం లేదు. యేసు చెప్పే అగ్నిలో ఈ మాట వినబడుతుంది: క్రీస్తుతో పేరుకు ఉండి, ఆయన జీవం ప్రవహించకుండా ఉండడానికి అర్థం లేదు. ఆయన శిష్యులకు ఇచ్చిన ఆజ్ఞ కూడా, మీరు ఏ తీగెలో లెక్కపెట్టుకోండి అని కాదు, నాయందు నిలిచియుండుడి అని.

రోమీయులు 11లోని ఒలీవ చెట్టు వేరే పని చేస్తుంది. దాన్ని ద్రాక్షావల్లితో కలిపేయకండి. అక్కడ పౌలు అన్యజనులతో మాట్లాడుతున్నాడు. విరిచివేయబడిన కొమ్మలు అవిశ్వాసులైన యూదులు, అంటుకట్టబడిన అడవి ఒలీవ కొమ్మలు అన్యజనులు. పాత కొమ్మల మీద అతిశయించవద్దు, గర్వించక భయపడు అన్నది అక్కడి గురి. పైగా విరిచిన కొమ్మలను మళ్లీ అంటుకట్టడానికి దేవుడు శక్తిగలవాడని 23వ వచనం అంటుంది. తెగిన కొమ్మకు ఇక దారి లేదని ఈ పోలిక నుంచి ఎవరైనా బోధిస్తే ఆ వచనాన్ని చదవమనండి.

ప్రకటనలోని ఏడు సంఘాల ఉత్తరాలకు ఊళ్ల సంగతి కొంచెం తెలిస్తే చాలు, చాలా భయాలు తీరతాయి. కొన్ని నిర్లక్ష్యాలకు నిద్ర కూడా చెడుతుంది. లవొదికయకు దగ్గర్లో ఉన్న హియెరాపొలి వేడినీటి ఊటలకు పేరుపొందింది, కొలొస్సయికి చల్లని నీళ్లు ఉన్నాయి. లవొదికయ నీరు కాలువల మీదుగా రావాలి. వేడినీళ్లు ఒంటికి ఉపశమనం, చల్లనీళ్లు దాహానికి ఉపశమనం, నులివెచ్చనివి దేనికీ కావు. కాబట్టి చల్లగా ఉండడమంటే అవిశ్వాసంగా ఉండడమని, దేవుడు మన అవిశ్వాసాన్నే మేలని ఎంచుతాడని తీయడం సరికాదు. తమకేమీ కొదవలేదనుకుని ఎవరికీ పనికిరాకుండా పోయిన సంఘం గురించిన మాట అది.

సార్దీస్ కోట ఎత్తయిన కొండ మీద ఉండేది. ఎక్కలేనంత నిటారుగా ఉందని ఒక వైపు కాపలా లేకుండా వదిలేశారు. క్రీ.పూ. 546 ప్రాంతంలో పారసీక రాజు కోరెషు సైనికులు, క్రీ.పూ. 214లో గ్రీకు రాజు మూడో అంతియోకు సైనికులు అలాంటి చోటు నుంచే ఎక్కి ఊరిని పట్టుకున్నారు. అలాంటి ఊరి సంఘానికి ప్రభువు, నీవు జాగరూకుడవై ఉండకపోతే నేను దొంగవలె వస్తాను అని రాయించాడు. పడిపోయేది బలహీనమైన చోట కాదు, బలమైనదని కాపలా మానేసిన చోట అని ఆ ఊరివాళ్లకు వేరే చెప్పక్కరలేదు.

అదే ఉత్తరంలో, జీవగ్రంథంలోనుంచి పేరు తుడిచివేయడం గురించిన వచనం 3:5 ఉంది. ఎంతమంది దాన్ని బెదిరింపుగా వల్లిస్తారో! మళ్లీ చదవండి. జయించేవాడి పేరు ఎంతమాత్రమూ తుడుపుపెట్టను అని ఉంది. ప్రభువు ఇచ్చిన వాగ్దానాన్ని తిప్పి శాపంగా మోయడం నాకు చాలా దుఃఖం కలిగిస్తుంది.

మొదటి కొరింథీయులు 9లోని పరుగు పందెపు పోలిక గురించి ఒక్క మాట చాలు. కొరింథు దగ్గరే రెండేళ్లకోసారి ఇస్త్మియ క్రీడలు జరిగేవి, గెలిచినవారికి వాడిపోయే ఆకుల కిరీటం దొరికేది. పౌలు ఆ పోలికతో విశ్వాస జీవితానికి చివర ఉందని, మధ్యలో మానేయకూడదని చెబుతున్నాడు. ఎవరు ఎవరికంటే ముందున్నారన్న లెక్క అక్కడ లేదు.

ఏశావు కన్నీళ్లు, పేతురు కన్నీళ్లు

హెబ్రీ 12:17లో ఏశావు కన్నీళ్లు విడిచినా మారుమనస్సుకు అవకాశం దొరకలేదని ఉంది. 'యాత్రికుని ప్రయాణం' రాసిన ఇంగ్లండు బోధకుడు జాన్ బన్యన్ ఈ ఒక్క వచనంతో ఎంతకాలం నలిగిపోయాడో 1666లో ప్రచురించిన తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. ఏశావు జ్యేష్ఠత్వాన్ని అమ్మినట్టు తాను క్రీస్తును అమ్ముకున్నానన్నది అతని భయం. ఆ భయం ఉన్నవారు ఆదికాండం 25, 27 అధ్యాయాలు పక్కపక్కన చదవాలి. ఏశావు దేనికోసం ఏడ్చాడు? ఆశీర్వాదం కోసం. తాను తృణీకరించినదాని గురించి దేవుని ముందు విరిగిన హృదయం అక్కడ కనబడదు, తమ్ముణ్ణి చంపుతానన్న పగ కనబడుతుంది. కీర్తన 51లో దావీదు అడిగేది వేరు. నీ సన్నిధిలోనుంచి నన్ను త్రోసివేయకు అంటాడు. పోగొట్టుకున్న లాభం కోసం ఏడవడానికీ దేవుణ్ణే కోరి ఏడవడానికీ ఉన్న తేడా ఇక్కడ ఉంది.

వార్డులో ఒక వృద్ధుడు, యౌవనంలో క్రీస్తును ఎరుగనని నలుగురి ముందు చెప్పినందుకు తనకు క్షమాపణ లేదని నమ్మి ఉన్నాడు. నేను ఆయనకు లూకా 22:31-32 చదివాను. పేతురు బొంకక ముందే, నీ నమ్మిక తప్పిపోకుండా నీ కోసం వేడుకున్నానని యేసు అంటాడు. నీ మనసు తిరిగిన తరువాత నీ సహోదరులను స్థిరపరచు అని కూడా అంటాడు. పేతురు పడతాడని తెలిసే, తిరిగి వచ్చాక చేయాల్సిన పని అప్పగించాడు. ఆ వృద్ధుడు ఆ వచనాలను మళ్లీ చదవమన్నాడు.

ఆది సంఘం ఈ ప్రశ్నను పుస్తకాల్లో కాక రక్తంలో ఎదుర్కొంది. క్రీ.శ. 250లో డెసియస్ చక్రవర్తి దేవతలకు బలి అర్పించాలని ఆజ్ఞ ఇచ్చినప్పుడు ఎందరో క్రైస్తవులు లొంగిపోయారు. హింస తగ్గాక ఏడుస్తూ తిరిగి వచ్చారు. వారిని ఇక చేర్చుకోకూడదని రోములో నొవేషియన్ అనే సంఘపెద్ద పట్టుబట్టాడు. ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ బిషప్పు సిప్రియన్, తోటి బిషప్పులు పశ్చాత్తాపం చూపినవారిని క్రమశిక్షణ తరువాత చేర్చుకోవాలని నిర్ణయించారు. 325లో నీకయ సభ కూడా, నొవేషియన్ వర్గం నుంచి వచ్చే బోధకులు పడి లేచినవారితో సహవాసం చేస్తామని ఒప్పుకోవాలని విధించింది. తిరిగి రావాలని తలుపు తడుతున్న మనిషి హెబ్రీ 6లోని మనిషి కాదు. అక్కడున్నవాడు తలుపు తట్టడు.

దేవుని నిజమైన బిడ్డ చివరకు నశించగలడా అన్న ప్రశ్నపై క్రైస్తవుల్లో ఏకాభిప్రాయం లేదు. డోర్ట్ సభ కుదరదంది. మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ 1751లో ఈ విషయంపై రాస్తూ, విశ్వాసి కూడా తొలగిపోయి నశించగలడన్నాడు. నేను యోహాను 10నూ, మనలోనుంచి బయలువెళ్లినవారు మన సంబంధులు కారన్న మొదటి యోహాను 2:19నూ బట్టి మొదటి పక్షాన నిలుస్తాను. వెస్లీ పక్షాన ఉన్నవారితో కలిసి చదవడానికి నాకు ఇబ్బంది లేదు. నిలిచియుండుడి అన్న ఆజ్ఞకు ఇద్దరమూ ఒకే విధంగా లోబడాలి. ఇబ్బంది మూడో రకంతోనే. ఎప్పుడో ఒక కూటంలో చెయ్యెత్తాను కాబట్టి ఇప్పుడు ఎలా బతికినా పరవాలేదనేవారికి డోర్ట్‌లోనూ చోటు లేదు, వెస్లీ దగ్గరా లేదు. వారికి కుడివైపు కాలమ్ ఇప్పుడే చదవకండి. ఎడమవైపుది మెల్లగా, పూర్తిగా చదవండి. నేను మిమ్మును ఎన్నడును ఎరుగను అన్న మత్తయి 7:23 దగ్గర ఆగి, వాళ్లను మాట్లాడనివ్వండి.

భయంతో కుంగిపోయినవారికి దీనికి విరుద్ధంగా చేయండి. వారిచేత హెబ్రీ 6ను ఒంటరిగా, అర్ధరాత్రి చదవనివ్వకండి. పక్కన కూర్చుని ఆరో అధ్యాయం చివరిదాకా, ఆత్మకు లంగరు వంటి నిరీక్షణ అన్న 19వ వచనం వరకు చదివి వినిపించండి. నిద్ర లేకుండా, తిండి మానేసి, ఒకే పాపం గురించి రోజూ అదే మాట చెబుతుంటే డాక్టరుకు కూడా చూపించండి. శరీరం అలసినప్పుడు మనసు ఏ వాగ్దానాన్నీ పట్టుకోలేకపోవడం నేను వార్డులో చాలా చూశాను. దాన్ని విశ్వాసలోపమని అనడం అన్యాయం.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే యూదా పత్రికతో మొదలుపెట్టండి. 25 వచనాలే. 21వ వచనంలో దేవుని ప్రేమలో నిలిచియుండమని ఆజ్ఞ ఉంటుంది, 24లో తొట్రిల్లకుండా కాపాడే దేవునికి స్తుతి ఉంటుంది. ఒకటి ఎడమ కాలమ్‌లో, ఒకటి కుడి కాలమ్‌లో రాయండి. మధ్యలో ఉన్న 22, 23 వచనాలు పెన్సిలు పట్టుకున్న మీ కోసమే: సందేహపడేవారి మీద కనికరం చూపండి, కొందరిని అగ్నిలోనుంచి లాగినట్టు రక్షించండి. మీ సంఘంలో ఏ పేరు మొదటి మాట పక్కన, ఏ పేరు రెండో మాట పక్కన వస్తుందో ప్రార్థించి రాసుకుని, ఈ వారంలోనే ఆ ఇద్దరి దగ్గరికీ వెళ్లండి.